ఐస్‌లాండ్‌లో ఒంటరిగా, కారులో, సెప్టెంబరులో: ఏడు రోజుల్లో రింగ్ రోడ్ చుట్టిరావచ్చా?

దారిపొడుగునా:

సెప్టెంబరు మూడో వారంలో ఐస్‌లాండ్ వెళ్తున్నాను, ఒక్కడినే. దిగే రోజు, తిరుగు విమానం రోజు కలుపుకుని మొత్తం ఏడు రోజులు. కెఫ్లావిక్ విమానాశ్రయంలో చిన్న కారు అద్దెకు తీసుకుని, ఒకటో నంబరు రోడ్డు (అదే రింగ్ రోడ్) మీద దేశం చుట్టూ తిరిగి, మళ్ళీ అక్కడే అప్పగించాలని ఆలోచన. చూడాలనుకున్నవి: గోల్డెన్ సర్కిల్, దక్షిణ తీరంలోని జలపాతాలు, వీక్ దగ్గర నల్ల ఇసుక తీరం, యోకుల్‌సార్లోన్ మంచు సరస్సు, తూర్పు ఫ్యోర్డులు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు), డెట్టిఫాస్ జలపాతం, మీవాత్న్ సరస్సు, అకురేరి ఊరు. అదృష్టం ఉంటే ధ్రువకాంతులు, పఫిన్ పక్షులు.

నా సందేహాలు ఇవీ. ఏడు రోజులు సరిపోతాయా? ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమా, మామూలు కారు చాలా? ఇన్సూరెన్సు పేర్లు పది రకాలు కనిపిస్తున్నాయి, వాటిలో నిజంగా పనికొచ్చేది ఏది? పక్కన ఇంకో మనిషి లేనప్పుడు ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

బసాల్ట్‌రాయి:

ముందు రోజుల లెక్క తేల్చుకుందాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

రింగ్ రోడ్ పొడవు సుమారు 1,320 కి.మీ. మీ ఏడు రోజుల్లో దిగే రోజు, ఎగిరే రోజు తీసేస్తే మిగిలేవి ఐదు. అంటే రోజుకి 260 కి.మీ. పైన, అదీ పక్కదారులు కలపకుండా. గోల్డెన్ సర్కిల్ ఒక్కటే రాజధాని రేక్యావిక్ నుంచి వెళ్ళి వస్తే సుమారు 230 కి.మీ. డెట్టిఫాస్‌కి రింగ్ రోడ్ వదిలి 20 కి.మీ. పైగా లోపలికి వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి. తారు రోడ్డు మీద గరిష్ఠ వేగం 90, కంకర రోడ్డు మీద 80, ఊళ్ళలో సాధారణంగా 50. సగటున గంటకి 65 కంటే ఎక్కువ పడదు. రోజుకి నాలుగైదు గంటలు స్టీరింగ్ దగ్గరే గడిచిపోతాయి. ఇద్దరు ఉంటే ఒకరు తోలుతుంటే ఇంకొకరు కిటికీలోంచి చూస్తారు. ఒక్కరే అయితే చూపంతా రోడ్డు మీదే ఉండాలి, దృశ్యం మాత్రం రెండు పక్కలా ఉంటుంది.

ఇంకో కారణం ఇంతకంటే పెద్దది. దక్షిణ తీరంలో వీక్ నుంచి హెప్న్ దాకా ఉన్న 270 కి.మీ.కి దారి ఒక్కటే. గాలి వల్లో, హిమానీనదం కింద నుంచి వచ్చే వరద వల్లో అది మూతపడితే పక్కదారి లేదు. 2024 జులై 27న మీర్‌దాల్స్‌యోకుల్ హిమానీనదం నుంచి వచ్చిన వరద వీక్‌కి తూర్పున స్కాల్మ్ నది దగ్గర రోడ్డునే కోసేసింది. అలాంటప్పుడు అవతలి వైపు చిక్కుకున్నవాళ్ళకి మిగిలేది ఉత్తరం మీదుగా దేశమంతా చుట్టి రావడమే. చుట్టు మొత్తం పెట్టుకున్నవాళ్ళకి కనీసం ఒక రోజు ఖాళీగా ఉండాలి. ఏడు రోజుల్లో ఆ ఖాళీ దొరకదు.

అందుకని ఉత్తరం ఈసారికి వదిలేసి, దక్షిణ తీరం మీద హెప్న్ దాకా వెళ్ళి అదే దారిన వెనక్కి రమ్మని నా సలహా. రేక్యావిక్ నుంచి హెప్న్ సుమారు 460 కి.మీ. తిరిగి వచ్చేటప్పుడు అవే చోట్లు వేరే వెలుగులో కనిపిస్తాయి. వెళ్ళేటప్పుడు వర్షంలో వదిలేసినవి వచ్చేటప్పుడు చూసుకోవచ్చు. ఈ దేశంలో ఇది చాలా పెద్ద సౌకర్యం.

మొదటి రోజు దిగగానే దూరం పెట్టుకోకండి. విమానాశ్రయం నుంచి రేక్యావిక్ 50 కి.మీ., అక్కడే నిద్ర. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి ఆ పూటే వీక్ దాకా తోలుకుంటూ పోవడం ప్రమాదం, ఒంటరిగా అయితే మరీను.

రెండో రోజు గోల్డెన్ సర్కిల్. థింగ్‌వెల్లిర్‌లో 930లో మొదలైన ఆల్‌థింగ్ (ఐస్‌లాండ్ చట్టసభ) ఆరుబయట కూడేది. ఉత్తర అమెరికా, యూరేషియా ఫలకాలు విడిపోతున్న లోయ కూడా అదే, ఆ పగులు గోడల మధ్య నడిచి వెళ్ళొచ్చు. గేసిర్ వేడినీటి బుగ్గల దగ్గర ఇప్పుడు చిమ్మేది స్ట్రోక్కుర్, ఐదు నుంచి పది నిమిషాలకోసారి. గాలి మీ వీపు మీదికి వచ్చేలా నిలబడండి, లేకపోతే వేడి తుంపర మీ మీదే పడుతుంది. చిమ్మే ముందు ఆ గుంటలో నీరు నీలంగా, గాజు బుడగలా ఉబ్బుతుంది. ఒక్క క్షణమే. కెమెరా అప్పటికే ఎత్తి పట్టుకుని ఉండాలి. గుల్‌ఫాస్ జలపాతం రెండు మెట్లుగా పడుతుంది, మొదటిది 11 మీటర్లు, రెండోది 21. రాత్రి బస హెల్లా, హ్వోల్స్‌వోల్లుర్ ప్రాంతంలో చూసుకోండి.

మూడో రోజు సెల్యలాండ్స్‌ఫాస్, స్కోగాఫాస్, డిర్‌హోలే, వీక్. నాలుగో రోజు ఫ్యద్రార్‌గ్ల్యూఫుర్ లోయ, స్కాఫ్తాఫెల్. ఐదో రోజు యోకుల్‌సార్లోన్, హెప్న్. ఆరో రోజు వెనక్కి. ఏడో రోజు విమానం మధ్యాహ్నం తర్వాతే అయినా సరే, ముందు రాత్రి బస కెఫ్లావిక్‌కి 100 కి.మీ. లోపల ఉండాలి. ఇందులో బేరం లేదు.

పఫిన్‌ల మాట: ఆగస్టు చివరికి అవి సముద్రంలోకి వెళ్ళిపోతాయి. సెప్టెంబరు మూడో వారంలో ఆశ పెట్టుకోవద్దు.

ఉత్తరపుగాలి:

కారు సంగతి నేను చెప్తాను.

దక్షిణ తీరానికి సెప్టెంబరులో టూ వీల్ డ్రైవ్ చాలు, రింగ్ రోడ్ 2019 నుంచి పూర్తిగా తారు. ఫోర్ వీల్ డ్రైవ్ చట్టప్రకారం తప్పనిసరి అయ్యేది నంబరు ముందు ఎఫ్ అక్షరం ఉన్న కొండదారులకి. చిన్న కారుతో వాటి మీదికి వెళ్తే ఇన్సూరెన్సు చెల్లదు. వాగు దాటుతుండగా ఇంజనులోకి నీళ్ళు వెళ్తే పెద్ద కారుకి కూడా మామూలుగా ఏ ఇన్సూరెన్సూ ఇవ్వదు. మీ ప్లాన్‌లో అవి లేవు, కలపకండి. రోడ్డు వదిలి నాచు మీదికో ఇసుక మీదికో కారు దించడం నేరం, జరిమానా భారీగా ఉంటుంది. ఆ నాచు మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.

ఇక ఇన్సూరెన్సు. మామూలు సీడీడబ్ల్యూ (కారు ఢీకొని దెబ్బతింటే వర్తించే రక్షణ) అద్దెలోనే కలిసి వస్తుంది, కానీ మీరు కట్టాల్సిన వాటా ఎక్కువగా ఉంటుంది. దాని మీద రెండు తీసుకోండి.

ఒకటి కంకర రాళ్ళ రక్షణ. ఎదురుగా వచ్చే కారు చక్రం కింద నుంచి లేచే రాయి అద్దానికి తగులుతుంది, ఇది తారు రోడ్డు మీద కూడా జరుగుతుంది.

రెండోది ఇసుక, బూడిద రక్షణ. వీక్‌కి తూర్పున మీర్‌దాల్స్‌సాందుర్, ఆ తర్వాత స్కేదరార్‌సాందుర్, రెండూ కి.మీ.ల కొద్దీ నల్ల ఇసుక మైదానాలు. గాలి లేచినప్పుడు ఆ ఇసుక కారు రంగుని గరుకు కాగితంతో రుద్దినట్టు లేపేస్తుంది, అద్దాలు మసకబారిపోతాయి. బిల్లు మొత్తం కారుకి రంగు వేసినంత అవుతుంది.

మామూలుగా ఏ ప్యాకేజీలోనూ రానివి: టైర్లు, కారు అడుగుభాగం, గాలికి విరిగిన తలుపు. ఒప్పంద పత్రంలో ఈ మూడింటి గురించి ఏం రాసుందో సంతకానికి ముందే చదవండి.

తలుపు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇందులోనే. వెనక నుంచి గాలి వీస్తుండగా తలుపు తెరిస్తే గాలి దాన్ని లాక్కుని ముందుకి విసురుతుంది. మడతబందు వంగిపోతుంది, తలుపు అంచు ముందు రేకులోకి దిగబడుతుంది, ఇక మూసినా సరిగ్గా పడదు. కాబట్టి ఆపేటప్పుడే కారు ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి. అప్పుడు గాలి తలుపుని మూసే వైపుకి నెడుతుంది. తెరిచేటప్పుడు అద్దం కొంచెం దించి, ఒక చేత్తో తలుపు పైఅంచు పట్టుకుని, రెండో చేత్తో పిడి తిప్పండి. ఫోను, సంచి ఒళ్ళో పెట్టుకుని దిగకండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక్కసారికి ఒక్క తలుపే. వెనక సీట్లోంచి జాకెట్ తీయాలన్నా ముందు తలుపు మూశాకే వెనకది.

గాలి వేగం అక్కడ సెకనుకి మీటర్లలో చెప్తారు. 15 అంటే గంటకి 54 కి.మీ., 20 అంటే 72, 25 అంటే 90. సగటు గాలి కంటే విసురుగాలి అంకె ముఖ్యం, రోడ్డు పక్క ఎలక్ట్రానిక్ బోర్డు మీద రెండూ చూపిస్తారు. విసురు 15 దాటితే క్యాంపర్ వ్యాన్‌లు కదలకూడదు. 20 దాటితే చిన్న కారు కూడా ఊళ్ళో ఆగిపోవడం మేలు. ఒక్కరే కూర్చున్న చిన్న కారు తేలిక, గాలికి పక్కకి జరుగుతుంది. గాలి బాగా దెబ్బతీసే చోట్లు తెలిసినవే: ఎయాఫ్యోల్ కొండల కింద, స్కాఫ్తాఫెల్‌కి తూర్పున ఓరేవి ప్రాంతం, రేక్యావిక్‌కి ఉత్తరంగా క్యాలర్‌నెస్, బోర్గర్‌నెస్ దగ్గర హాఫ్నర్‌ఫ్యాల్. కొండ వాలు మీది నుంచి గాలి కిందకి జారి రోడ్డుని అడ్డంగా కొడుతుంది. పక్క లోయలో ఆకు కూడా కదలకపోవచ్చు.

రోజూ పొద్దున బయల్దేరే ముందు రెండు సైట్లు తెరవండి. వాతావరణానికి వేదుర్ డాట్ ఐఎస్, రోడ్లకి ఉమ్‌ఫెర్దిన్ డాట్ ఐఎస్. రోడ్డు మ్యాపులో 'లోకథ్' అంటే మూసేశారు, 'ఓఫైర్త్' అంటే వెళ్ళలేని స్థితి. మూసిన రోడ్డు మీదికి వెళ్తే ఇన్సూరెన్సు ఎగిరిపోతుంది.

దారిలో బోర్డులు: 'ఐన్‌బ్రేద్ బ్రూ' అంటే ఒక్క కారు పట్టే వంతెన. దానికి దగ్గరగా ఉన్న కారు ముందు వెళ్ళడం ఆనవాయితీ, అనుమానం వస్తే ఆగిపోండి. 'బ్లిండ్‌హైద్' అంటే అవతలివైపు కనిపించని గుట్ట. 'మాల్‌బిక్ ఎందర్' అంటే తారు ఇక్కడితో సరి. ఈ మూడోది పక్కదారుల్లో కనిపిస్తుంది. 90లో వెళ్తూ కంకర మీదికి దిగి బ్రేకు నొక్కితే కారు జారి బోల్తా పడుతుంది. బోర్డు కనిపించగానే, ఇంకా తారు మీద ఉండగానే, 50కి దించేయండి. రెండు వరుసల రౌండబౌట్లలో లోపలి వరుసలో ఉన్నవాళ్ళదే బయటికి వెళ్ళే ముందు హక్కు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు రేక్యావిక్‌లో గుద్దుకునేది ఇక్కడే. హెడ్‌లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండాలి.

సెప్టెంబరులో ఇంకొకటి కలుస్తుంది. వేసవంతా కొండల్లో మేసిన గొర్రెల్ని కిందికి తోలుకొచ్చే నెల ఇది. తల్లి రోడ్డుకి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే, కారు దగ్గరకి రాగానే పిల్ల తల్లి వైపు పరిగెడుతుంది. రెండు పక్కలా గొర్రెలు కనిపిస్తే దాదాపు ఆగిపోయి దాటండి.

మంచునది:

పైన ఇద్దరూ రోడ్డు గురించి చెప్పారు. ప్రాణం తీసేది మాత్రం ఎక్కువగా నీళ్ళూ మంచూనే.

రేనిస్‌ఫ్యారా, అంటే వీక్ దగ్గరి నల్ల తీరం. అలలు చిన్నవిగా, మర్యాదగా వస్తున్నట్టే ఉంటాయి. పది, ఇరవై అలల తర్వాత ఒకటి మాత్రం ఆగకుండా తీరం మీదికి చాలా దూరం పాకుతుంది. కారణం: దక్షిణాన తెరిచిన సముద్రం. ఎక్కడో వేల కి.మీ. అవతల తుఫానులో పుట్టిన అలల బలం తరగకుండా ఇక్కడికి చేరుతుంది, తీరం అడుగు కూడా నిటారుగా దిగిపోతుంది. ఆ నీరు మోకాలి దాకా వస్తే చాలు, మనిషి పడిపోతాడు. కాళ్ళ కింద ఉన్నవి గట్టి ఇసుక కాదు, గుండ్రటి నల్ల గులకరాళ్ళు, వెనక్కి పోయే నీటితో పాటు అవీ దొర్లుతాయి. లేవడానికి పట్టు దొరకదు. తీరానికి దిగే దారి దగ్గర హెచ్చరిక దీపం ఉంది. ఎరుపు ఉంటే పైనుంచే చూసి రండి. ఏ రంగులో ఉన్నా సరే, తడి గీత ఎక్కడ కనిపిస్తుందో అక్కడి నుంచి కనీసం 30 మీటర్లు ఎడంగా ఉండండి, సముద్రానికి వీపు చూపించకండి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళు సెల్ఫీ కోసం చేసేది సరిగ్గా అదే. ఫోటో కావాలంటే పక్కవాళ్ళని అడగండి. బసాల్ట్ స్తంభాల గుహలోకి కూడా అల వస్తుంది, లోపలికి వెళ్తే పారిపోయే దారి ఒక్కటే. తీరం మొత్తం నిదానంగా చూడాలంటే డిర్‌హోలే కొండ మీది నుంచి చూడండి. సుమారు 120 మీటర్ల ఎత్తు, తలుపులా తెరుచుకున్న రాతి కమాను కూడా అక్కడే ఉంది.

సెల్యలాండ్స్‌ఫాస్ 60 మీటర్ల జలపాతం, దాని వెనక నుంచి నడిచి వెళ్ళొచ్చు. తుంపర కాదు, వానే. పైనా కిందా నీళ్ళు పట్టని బట్టలు ఉండాలి, కెమెరా సంచికి కవరు ఉండాలి. ఎడమ పక్కగా కొంచెం నడిస్తే రాతి చీలిక లోపల గ్ల్యూఫ్రబూయి అనే ఇంకో జలపాతం దాక్కుని ఉంటుంది, చాలామంది చూడకుండా వెళ్ళిపోతారు. స్కోగాఫాస్ కూడా 60 మీటర్లే, వెడల్పు 25. పక్కన 500కి పైగా మెట్లు ఎక్కితే పైన నది వెంట దారి సాగుతుంది. మొదటి రెండు మూడు జలపాతాల దాకా వెళ్ళి తిరిగి రండి. ఆ దారే ముందుకెళ్ళి ఫిమ్‌వోర్దుహాల్స్ కనుమ మీదికి ఎక్కుతుంది. సెప్టెంబరులో పొగమంచు, మంచువాన పడే ఆ దారిని ఒంటరిగా దాటవద్దు.

యోకుల్‌సార్లోన్: హిమానీనదం నుంచి విరిగిన ముక్కలు సరస్సులో తేలి, చిన్న కాలువ గుండా సముద్రంలోకి పోతాయి. అలలు వాటిని తిరిగి నల్ల ఇసుక మీదికి విసురుతాయి. నీలంగా కనిపించే ముక్క ఇప్పుడిప్పుడే తిరగబడింది అనుకోండి. లోపలి గాలి బుడగలు ఒత్తిడికి పోయి గట్టిపడిన మంచు ఎరుపు వెలుగుని మింగి నీలాన్ని వదులుతుంది. గాలి, ఎండ తగిలాక పైపొర పగుళ్ళు పడి తెల్లబడుతుంది. ఆ ముక్కలు హెచ్చరిక లేకుండా బోర్లా పడతాయి, ఒడ్డుకి ఆనుకుని కదలకుండా ఉన్నదాని మీద కూడా కాలు పెట్టకండి. సెప్టెంబరులో పడవలు నడుస్తుంటాయి, సముద్రం వైపు తీరం మీద అలల జాగ్రత్త రేనిస్‌ఫ్యారాలో లాగే.

హిమానీనదం మీద నడక స్కాఫ్తాఫెల్ నుంచి గైడ్‌తో మాత్రమే. ఒంటరి మనిషిని గుంపులో కలుపుకుంటారు, ఒక్క సీటు సులభంగానే దొరుకుతుంది. చీలమండ కప్పే గట్టి బూట్లు తప్పనిసరి, మెత్తటి షూకి ఇనుప ముళ్ళు బిగిస్తే జారిపోతాయి. లేకపోతే అక్కడే అద్దెకి ఇస్తారు. నీలి మంచు గుహలు మాత్రం చలికాలం వ్యవహారం, నవంబరు నుంచి మార్చి దాకా. వెచ్చగా ఉన్న రోజుల్లో లోపల నీరు పారుతూ పైకప్పుని తొలిచేస్తుంది. 2024 ఆగస్టులో బ్రేదామెర్కుర్ హిమానీనదం దగ్గర మంచు కూలి ఒక పర్యాటకుడు చనిపోయాడు. సెప్టెంబరులో ఎవరైనా గుహ చూపిస్తామంటే, ఎంత తక్కువకి వచ్చినా వద్దనండి.

స్కాఫ్తాఫెల్‌కి చేరబోయే ముందు రోడ్డు పక్కన వంగిపోయిన రెండు ఇనుప దూలాలు కనిపిస్తాయి. అవి స్కేదరా నది వంతెనవి. 1974లో ఆ వంతెన పూర్తయ్యాకే రింగ్ రోడ్ చుట్టు కలిసింది. 1996లో హిమానీనదం కింద అగ్నిపర్వతం పేలి, వరద ఇళ్ళంత మంచు దిమ్మల్ని మోసుకొచ్చి దాన్ని విరిచేసింది. ఆగి దగ్గరకెళ్ళి చూడండి. ఉక్కు ఎలా మెలితిరిగిందో చూస్తే ఆ రోడ్డు ఎందుకు మూస్తారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

దారిపొడుగునా:

అందరికీ చాలా కృతజ్ఞతలు. చుట్టు ఆలోచన మానేశాను, హెప్న్ దాకా వెళ్ళి వెనక్కే. ఇంకొన్ని అడుగుతాను. పెట్రోలు బంకుల్లో మనుషులుండరట, కార్డు పనిచేయకపోతే? తిండి ఖర్చు తగ్గించుకునే మార్గం? నాకేమైనా అయితే ఎవరికీ తెలియదన్న భయానికి అక్కడ ఏర్పాటు ఏదైనా ఉందా?

పొదుపుసంచి:

బంకు: చాలాచోట్ల యంత్రమే. కార్డు పెట్టగానే నాలుగంకెల పిన్ అడుగుతుంది. పిన్ లేని కార్డు, కొన్ని ప్రీపెయిడ్ కార్డులు అక్కడ పనిచేయవు. రెండు వేర్వేరు ఖాతాల కార్డులు ఉండాలి, రెండిటి పిన్‌లూ కంఠతా రావాలి, రెండూ ఒకే పర్సులో ఉండకూడదు. యంత్రం ఎంత సొమ్ముకి అని అడిగినప్పుడు 'ఫుల్ ట్యాంక్' నొక్కితే ముందుగా పెద్ద మొత్తం బిగించేసి, అసలు బిల్లు తేలాక కొన్ని రోజులకి వదులుతుంది. కార్డులో నిల్వ తక్కువైతే తర్వాతి చోట ఇబ్బంది. అందుకే 5,000 క్రోనాలనో 8,000 అనో అంకె ఎంచుకోండి, పోసినంతకే పడుతుంది. గొట్టం మీద 'బెన్‌సీన్' అంటే పెట్రోలు, 'దీసెల్' అంటే డీజిలు. మీ కారు ఏదో ట్యాంకు మూత లోపల రాసి ఉంటుంది, మొదటిసారి దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. సగం ట్యాంకు కంటే తగ్గనివ్వకండి. వీక్, క్లోయిస్తుర్, స్కాఫ్తాఫెల్ దగ్గర ఫ్రేస్నెస్, హెప్న్‌లలో బంకులున్నాయి. నోట్లు దాదాపు అక్కర్లేదు, కాఫీకి కూడా కార్డే.

పార్కింగ్ డబ్బు చాలా జలపాతాల దగ్గర కట్టాలి. గేటు ఉండదు, కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది. పార్కా యాప్‌లో కారు నంబరు ముందే ఎక్కించుకుని, అక్కడి నుంచి కదిలేలోపే కట్టేయండి. మర్చిపోతే బిల్లు అద్దె సంస్థకి వెళ్తుంది, వాళ్ళు తమ రుసుం కలిపి మీ కార్డు మీద వేస్తారు.

తిండి: బోనుస్, క్రోనన్ దుకాణాల్లో సరుకు కొని హాస్టల్ వంటగదిలో వండుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. బోనుస్ పొద్దున ఆలస్యంగా తెరుస్తారు, సాయంత్రం త్వరగా మూస్తారు, వేళలు చూసుకుని వెళ్ళండి. పెద్ద సరుకు రేక్యావిక్‌లోనో సెల్‌ఫాస్‌లోనో కొనేయండి, తూర్పుకి వెళ్ళేకొద్దీ దుకాణాలు తగ్గిపోతాయి. రోజూ ఒక ఫ్లాస్కులో వేడినీళ్ళు, రొట్టె, స్కైర్ (పెరుగులాంటిది), అరటిపళ్ళు కారులో ఉంచుకోండి. రోడ్డు మూసి నాలుగు గంటలు ఆగాల్సి వచ్చినా ఆకలి ఉండదు. నీళ్ళ సీసాలు కొనకండి. చన్నీళ్ళ కుళాయి నీరు ఊటనీరే, శుభ్రం. వేడినీళ్ళ కుళాయిలో గంధకం వాసన వస్తుంది, దాన్నే వాడి ఉంటే చన్నీళ్ళు కొంచెంసేపు వదిలి పట్టుకోండి. వెండి ఉంగరం, గొలుసు ఉంటే వేడినీళ్ళకి తీసేయండి, నల్లబడతాయి.

ఊరి ఈతకొలను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఒంటరి ప్రయాణికుడికి సాయంత్రం నలుగురు మనుషుల్ని చూపించే చోటు అదే. దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఒకటుంటుంది. 38 నుంచి 42 డిగ్రీల వేడినీటి తొట్లలో ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటుంటారు, పేరుపొందిన లగూన్ (పర్యాటకుల వేడినీటి కొలను) టికెట్లతో పోలిస్తే రుసుం చాలా తక్కువ. ఒక నియమం ఖచ్చితం: నీళ్ళలో దిగే ముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలి. ఎక్కడెక్కడ రుద్దుకోవాలో గోడ మీద బొమ్మ కూడా ఉంటుంది. కొలనులో క్లోరిన్ తక్కువ వేస్తారు కాబట్టే ఆ పట్టుదల. ఈతదుస్తులతో స్నానం చేసి వెళ్ళబోతే వెనక్కి పంపుతారు.

తూర్పు ఫ్యోర్డులు కూడా చూడాలని రాశారు కదా, హెప్న్ నుంచి ఎగిల్‌స్టాదిర్ వెళ్ళాలనిపిస్తే ఓక్సీ కనుమ మీదుగా 939 నంబరు దారిలో 70 కి.మీ. దాకా తగ్గుతుంది, ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు.

ఉత్తరపుగాలి:

చివరి మాట ఒక్కటి దిద్దాలి. ఓక్సీ కంకర దారి, ఏటవాలు ఎక్కువ, రక్షణ కంచెలు దాదాపు లేవు, పొగమంచు కమ్మితే బానెట్ కూడా కనిపించదు. టూ వీల్ డ్రైవ్ కారు, కొత్త మనిషి, పక్కన ఎవరూ లేరు. దూరం తగ్గినా టైము ఏమంత మిగలదు. మ్యాప్ యాప్ దానంతట అదే ఆ దారి చూపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. ఫ్యోర్డుల అందం ఒడ్డు వెంట వెళ్ళే రింగ్ రోడ్ మీదే ఉంది. ఈ ఏడు రోజుల్లో హెప్న్ దాటకపోవడమే మంచిది.

మంచునది:

భయం గురించి అడిగారు. ఏర్పాటు ఉంది, వాడుకోవడం మన చేతిలో ఉంది.

అత్యవసర నంబరు 112, పోలీసు, అంబులెన్సు, కొండ రక్షణ అన్నిటికీ అదే. '112 ఐస్‌లాండ్' యాప్ దిగగానే ఫోనులో వేసుకోండి. ఆకుపచ్చ బటన్ నొక్కితే మీరున్న చోటు వాళ్ళ దగ్గర నమోదవుతుంది. ఎర్ర బటన్ నొక్కితే సహాయానికి సందేశం, మీ స్థానం రెండూ వెళ్తాయి. ఇంటర్నెట్ లేకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్ళే సిగ్నల్ ఉంటే చాలు. నడకకి బయల్దేరే ముందు పార్కింగ్‌లో ఒకసారి, దారి మలుపులో ఒకసారి ఆకుపచ్చది నొక్కడం అలవాటు చేసుకోండి. వెతకాల్సి వస్తే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వాళ్ళకి తెలుస్తుంది.

సేఫ్‌ట్రావెల్ డాట్ ఐఎస్‌లో ప్రయాణ ప్రణాళిక నమోదు చేయొచ్చు. దాంతో పాటు రోజూ రాత్రి ఇంట్లో ఒకరికి రేపటి బస పేరు, కారు నంబరు, చేరే టైము పంపండి. ఎన్ని గంటలకి కబురు రాకపోతే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. "చేరాక చెప్తాను" అనడం సరిపోదు. "రాత్రి తొమ్మిదికి కబురు లేకపోతే బసకి ఫోన్ చెయ్, పదికి 112 కార్యాలయానికి" అనాలి. బయటి దేశం నుంచి చేసే నంబరు 354తో మొదలవుతుంది. అది ఇప్పుడే వెతికి వాళ్ళకి ఇచ్చి వెళ్ళండి, నేరుగా 112 నొక్కితే వాళ్ళ ఊరి కేంద్రానికే పోతుంది. ఆ దేశంలో వెతకడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులు, తమ పని వదులుకుని గాలివానలో బయల్దేరేవాళ్ళు. ఆలస్యమైతే బసకి ఒక్క ఫోన్ చేయడం వాళ్ళ పట్ల మర్యాద కూడా.

బట్టలు: ఒంటికి ఉన్ని లోదుస్తులు, పైన ఫ్లీసు, ఆపైన గాలి, నీరు ఆపే జాకెట్, ప్యాంటు. జీన్స్ తడిస్తే ఆరదు, వేడి లాగేస్తుంది. గొడుగు తీసుకెళ్ళకండి, మొదటి జలపాతం దగ్గరే తిరగబడి విరుగుతుంది. చేతి తొడుగులు రెండు జతలు.

బసాల్ట్‌రాయి:

ధ్రువకాంతుల మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ వారంలో పగలు సుమారు ఏడింటి నుంచి రాత్రి ఏడున్నర దాకా, రోజుకి ఆరు నిమిషాలకి పైగా తగ్గుతూ పోతుంది. తొమ్మిదిన్నరకి చీకటి చాలినంత ఉంటుంది. వేదుర్ డాట్ ఐఎస్‌లో ధ్రువకాంతుల పేజీ తెరిస్తే మేఘాల మ్యాపు వస్తుంది. తెల్లగా ఉన్నచోట ఆకాశం ఖాళీ, ఆకుపచ్చగా ఉన్నచోట మబ్బు. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి చదువుకుని ఆకుపచ్చ వెంట పరిగెడతారు. పక్కన కేపీ అంకె (ధ్రువకాంతుల బలం చెప్పే సూచిక) 2 ఉన్నా చాలు, ఆకాశం తేటగా ఉండడమే అసలు సంగతి.

రాత్రిపూట వెతుకుతూ తోలకండి. మీ బస ఊరి బయట, వీధిదీపాలు లేని చోట ఉంటే వాకిట్లోంచే కనిపిస్తాయి. అందుకే ఈ ప్రయాణంలో రెండు రాత్రులైనా పొలాల మధ్య అతిథిగృహం ఎంచుకోండి. మొదట పల్చటి బూడిదరంగు మబ్బు చారలా ఉంటుంది, మనిషి కంటికి రంగు తెలియదు. అనుమానం వస్తే ఫోను నైట్ మోడ్‌లో మూడు సెకన్లు తీయండి, ఆకుపచ్చ వస్తే అదే. కెమెరాకి స్టాండు, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, ఐదు నుంచి పది సెకన్లు, ఫోకస్ చేత్తో నక్షత్రం మీద పెట్టి వదిలేయాలి. గాలికి స్టాండు ఊగకుండా కింద కొక్కేనికి సంచి తగిలించండి.

కారులోంచి చూస్తుండగా కనిపిస్తే రోడ్డు మీద ఆపవద్దు, వెనక వచ్చేవాళ్ళ కళ్ళు కూడా ఆకాశం మీదే ఉంటాయి. పార్కింగ్ గుర్తున్న జాగా వచ్చేదాకా వెళ్ళి, హెడ్‌లైట్లు ఆర్పి దిగండి. తలుపు పట్టుకుని.